జ్వరజ్యోతి పథకంలో మా ఆవిడ

మా కోనలంక పెద్దాసుపత్రిలో ఆ అవగాహన ఒప్పందం జరిగిన రోజున శామియానా నాది, కుర్చీలు నావి. నాకు టెంట్‌హౌస్ ఉంది. పెళ్ళయినా, పెద్దకర్మయినా, ప్రభుత్వం వారి ఒప్పందమైనా నేను వేసే సామాను ఒకటే. మూడు చోట్లా జనం ధ్యాస కూడా ఒకటే, భోజనాలు ఎప్పుడు పెడతారని.

ఒప్పందం ముగ్గురి మధ్య. ఆస్పత్రి తరఫున సూపరింటెండెంటు డాక్టర్ కాళీవరప్రసాదు గారు, విశ్వవిద్యాలయం తరఫున ప్రొఫెసర్ భాష్యం గారు, కంపెనీ తరఫున అనిరుధ్ అనే టై కట్టిన కుర్రాడు. ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఫోటోల కోసం నవ్వారు. ఫోటోలు అయిపోయాయి, ఫోటోవాళ్ళు వెళ్ళిపోయారు, వీళ్ళు మాత్రం చేతులు వదల్లేదు. ఎవరు ముందు వదలాలో ఒప్పందంలో రాసుకోలేదనుకుంటాను.

"మామూలు మనిషి ఒంట్లో తొంభై ఎనిమిది డిగ్రీల వేడి ఉంది," అన్నారు భాష్యం గారు మైకు పట్టుకుని. "అది వృథాగా పోతోంది. జ్వరం వచ్చిన మనిషి ఒంట్లో నూటమూడు. అది వృథాగా పోవడం లేదు. మనమే మాత్రలిచ్చి మరీ పోగొడుతున్నాం!"

సభ నిట్టూర్చింది. కుర్చీలవాడు ఊరుకుంటే బావుండదని నేనూ నిట్టూర్చాను.

సంగతేమిటంటే, కంపెనీవారు ఒక దుప్పటి కనిపెట్టారు. జ్వరం ఉన్నవాడికి కప్పితే వాడి వేడిని లాగి కరెంటు చేస్తుందట. మా ఆస్పత్రిలోనే సూరయ్య అనే ముసలాయనకి కప్పి చూస్తే బల్బు భగ్గున వెలిగిందట. దుప్పట్లోంచి తల ఒక్కటే బయటికి పెట్టి బిక్కమొహంతో చూస్తున్న సూరయ్య ఫోటో వేదిక వెనక పెద్దదిగా కట్టారు. పథకానికి 'జ్వరజ్యోతి' అని పేరు పెట్టారు.

చివర్లో సూపరింటెండెంటు గారు లేచి, "ఇకమీదట రోగి భారం కాదు. రోగి ఒక వనరు," అన్నారు. మర్నాటికల్లా ఆ మాట ఆస్పత్రి గోడమీద నీలంరంగుతో రాయించారు.

ఇదంతా నాకెందుకు, నా కుర్చీలు నాకు లెక్కకి వచ్చాయా లేదా అనుకుని ఇంటికొచ్చేశాను. మనది కానప్పుడు ప్రపంచంలో ప్రతి పథకమూ బాగానే ఉంటుంది.

ఫాల్గుణమాసంలో మా ఆవిడ మంగతాయారుకి జ్వరం తగిలింది. రెండ్రోజులు లంఖణమని, మిరియాల చారని ఇంట్లోనే నెట్టుకొచ్చింది. ఆ తర్వాత మాట తడబడింది. పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో మాట తడబడేది నాకు. ఆవిడకి తడబడేసరికి ఇక ఆలస్యం చేయలేదు. ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

మా ఆస్పత్రిలో చీటీ రాసే ఆయన తల ఎత్తడం అంతవరకు ఎవరూ చూడలేదు. ఆ రోజు ఎత్తాడు.

"జ్వరమా?"

"ఒళ్ళు పెనంలా కాలిపోతోందండీ."

ఆయన లేచి నిలబడ్డాడు. థర్మామీటరు పెట్టారు. నూటమూడు పైన చూపించింది. ఎక్కడో గంట మోగింది. చక్రాల కుర్చీ దానంతటదే వచ్చినంత వేగంగా వచ్చింది. మా ముందు కాలు విరిగినాయన ఒకడు పొద్దుటి నుంచి కూర్చున్నాడు. "బాబూ, మీరు నిరుత్పాదక రోగి. కాస్త దారివ్వండి," అని అతన్ని పక్కకి జరిపారు.

సూపరింటెండెంటు గారే స్వయంగా వచ్చి మా ఆవిడకి రెండు చేతులూ జోడించారు. "అభినందనలమ్మా."

మంగతాయారు బరువుగా కళ్ళు తెరిచింది. "జ్వరమొస్తే అభినందనలేంటండి? పోయాక చెప్పండి."

"పోవడం గురించి తొందరపడకండి," అన్నారాయన ఆదరంగా.

వార్డులో మంచం ఎక్కించి దుప్పటి కప్పారు. దాని నిండా తీగలు. పైన ఫ్యాను ఆపేశారు, గాలి తగిలితే ఉత్పత్తి పడిపోతుందట. బల్బు ఎక్కడుందా అని చుట్టూ చూశాను. కనబడలేదు.

"బల్బు ఇక్కడుండదు అంకుల్," అన్నాడు అనిరుధ్ నవ్వుతూ. "సూపరింటెండెంట్ గారి గదిలో ఉంటుంది. ఇక్కడ ఉత్పత్తి, అక్కడ వినియోగం."

అతను అటు తిరగ్గానే నేను జేబురుమాలు తడిపి ఆవిడ నుదుటిమీద వేశాను. ఇంట్లో జ్వరమొస్తే ఎవరైనా చేసే పనే. క్షణంలో అనిరుధ్ పరుగెత్తుకొచ్చి ఆ గుడ్డ తీసి, ఏదో తేలుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో దూరంగా పట్టుకున్నాడు.

"అంకుల్! ఇప్పుడు మీరు చేసిందేంటో తెలుసా? నడుస్తున్న పవర్‌ప్లాంటు మీద నీళ్ళు పోశారు!"

"మా ఆవిడండీ అది."

"ఆ భావన నుంచి మీరు బయటికి రావాలి."

తడిగుడ్డలు నిషేధమని ఆస్పత్రి గేటు గోడమీద ఆ సాయంత్రమే రాయించారు. నా వల్ల ఆస్పత్రికి జరిగిన తొలి అభివృద్ధి అదే.

మందెప్పుడిస్తారని అడిగితే భాష్యం గారు వచ్చి మంచం పట్టె మీద కూర్చుని పాఠం చెప్పారు. "మలేరియా అనుకోండి, వస్తుంది, పోతుంది. ఎండ కరెంటు లాంటిది, నమ్మడానికి లేదు. మీ ఆవిడది టైఫాయిడు. రాత్రనక పగలనక ఒకటే ధాటి. దీన్ని మేం మూలాధార శక్తి అంటాం. ఇలాంటి కేసు దొరకడం మీ అదృష్టం."

"ఆ అదృష్టం మాకొద్దు బాబూ. మందిస్తే తీసుకుపోతాను."

"మందిస్తే జ్వరం తగ్గిపోతుంది కదండీ," అన్నారాయన, చంటిపిల్లవాడికి చెప్పినట్టు.

నేను సూపరింటెండెంటు గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన గదిలో గోడకి వరసగా బల్బులున్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో మంచం నంబరు. మా ఆవిడ నంబరు బల్బు కింద ఆయన పేపరు చదువుకుంటున్నారు.

"వైద్యాన్ని మేం నిరాకరించడం లేదు అబ్బులు గారూ. వాయిదా వేస్తున్నాం. వచ్చేవారం శుక్రవారం మంత్రిగారు వచ్చి పథకాన్ని జాతికి అంకితం చేస్తారు. ఆ వెలిగే బల్బు మీ ఆవిడదే. అంకితం అయ్యాక వైద్యం."

"మా మావగారు పిల్లని నాకిచ్చారు గానీ జాతికి ఇవ్వలేదండీ!"

"చూశారా, వ్యక్తిగత దృక్పథం," అన్నారాయన బాధపడి. "అన్నట్టు శుక్రవారానికి శామియానా మీదే వేయండి."

తిరిగి వార్డులోకి వచ్చేసరికి మంగతాయారు పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి. నన్ను చూసి, "ఏవండీ, వానలో శామియానా తడిసిపోతోంది, లోపల పెట్టించండి," అంది. వాన లేదు. మబ్బు కూడా లేదు. ఈ మనిషి లేకపోతే నాకెవరున్నారని ఏడుపొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

అప్పుడు ఎస్తేరు సిస్టరు వచ్చింది. ఆ వార్డుకి నర్సు. మా ఊళ్ళో సగం మందికి సూది వేసిన చెయ్యి ఆవిడది. దుప్పటి సర్దుతున్నట్టు వంగి చెప్పింది. "అబ్బులు గారూ, మాత్ర ఇచ్చే అధికారం నాకు తీసేశారు. చెవిలో చెప్పే అధికారం తీసేశారో లేదో నాకింకా ఆర్డరు రాలేదండి." మాత్రల పేర్లు చెప్పింది. ఏది ఎప్పుడెప్పుడు వేయాలో కూడా చెప్పింది.

బజారుకి పోయి తెచ్చాను. గేటు దగ్గర సంచీలు వెతుకుతున్నారు. అందుకని మెత్తటి ఇడ్లీలు కట్టించుకుని, ఒక్కో ఇడ్లీ పొట్టలో ఒక్కో మాత్ర పెట్టాను. వార్డులో మాత్ర బయటికి తీసి నీళ్ళల్లో కలిపి తాగించాను, ఇడ్లీ తినిపించాను. ఒకటో పూట, రెండో పూట గడిచాయి. మర్నాటికి ఆవిడ నుదుటిన చెమట పట్టింది. "ఈ ఇడ్లీ ఎక్కడ కొన్నారు, ఉప్పు లేదు," అంది. ఆ మాట వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

కానీ అదే సమయంలో సూపరింటెండెంటు గారి గదిలో బల్బు మినుకు మినుకుమని ఆరిపోయింది.

ముగ్గురూ పరుగున వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. విచారణ మొదలైంది.

"ఏం తిన్నారమ్మా?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"ఇడ్లీ."

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. "ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది," అన్నారు భాష్యం గారు నెమ్మదిగా. "అందులోని తేమ అంతర్గత ఉష్ణాన్ని హరించే అవకాశాన్ని కొట్టిపారేయలేం."

ఆస్పత్రిలో ఇడ్లీ నిషేధించారు. పెసరట్టుకి అనుమతిచ్చారు, అది పెనం మీద కాలుతుంది కాబట్టి. దాంతోపాటు కిటికీల దోమతెరలు పీకించారు. ముడిసరుకు లోపలికి రావడానికి అడ్డుగా ఉన్నాయట.

"రేపటిలోగా ఈవిడ కోలుకోకపోతే..." అన్నాడు అనిరుధ్. వాళ్ళ భాషలో కోలుకోవడమంటే జ్వరం మళ్ళీ రావడం. "కోలుకోకపోతే పునర్జ్వరీకరణ చేయాల్సొస్తుంది."

"అంటే?"

"మలేరియా వార్డులో మంచం వేస్తాం అంకుల్. ప్రకృతి మిగతాది చూసుకుంటుంది."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను నెత్తి పట్టుకున్నాను. చావు తప్పి కన్ను లొట్టపోయిందనుకుంటే ఆ రెండో కన్ను మీదికి కూడా వస్తున్నారు. ఆవిడ ఒంట్లో ఇంకో జ్వరాన్ని తట్టుకునే ఓపిక లేదు.

పక్క మంచం దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. సూరయ్య భార్య నూకాలమ్మ. ఆ ఫోటో దిగిన ఘనత వల్ల సూరయ్యని అప్పటి నుంచి ఇంటికి పంపలేదు. నమూనా రోగి కింద ఉంచేశారు.

"నీకు నవ్వెలా వస్తోందమ్మా?" అన్నాను కోపంగా.

"ఈళ్ళకి కావాల్సింది జొరమా, ఏడా?" అంది ఆవిడ.

"వేడే."

"మరి దానికి ఇంత ఏడుపెందుకు బాబా? ఆ ఫొటో దిగిన్నాడు మా ముసలోడికి జొరమూ లేదు, గిరమూ లేదు. నడుం పట్టేసింది. నేను ఉప్పు ఏయించి మూటకట్టి కాపడం పెట్టాను. ఆ మూట నడుం కిందే ఒదిలేసి టీకి ఎల్లాను. ఒచ్చేతలికి దుప్పటి కప్పేసి ఫొటోలు తీసేత్తన్నారు. బల్బు ఎలిగిందని ఒకటే సంబరం."

"మరి చెప్పలేదా?"

"అడిగితే కదా సెప్తాను. డాట్రు గారు ఎంత గొప్పోడో అని నేనూ సప్పట్లు కొట్టాను."

నేను సూరయ్య వంక చూశాను. ఆయన నిజమేనన్నట్టు తల ఊపాడు. విశ్వవిద్యాలయమూ, కంపెనీ, ప్రభుత్వమూ కలిసి చేతులు పట్టుకున్నదంతా ఈ ముసలాయన నడుం కింది ఉప్పు మూట మీద!

ఆ పూటే శేరు రాళ్ళ ఉప్పు తెచ్చాను. వార్డు వంటగదిలో కరెంటు పొయ్యి ఉంది. ఎస్తేరు సిస్టరు గుమ్మంలో నిలబడి అటువైపు చూస్తూ ఉంది, నూకాలమ్మ ఇటువైపు ఉప్పు వేయించింది. పాత చీర ముక్కల్లో మూటలు కట్టి మంగతాయారు కాళ్ళ దగ్గర దుప్పటి కింద పెట్టాం, ఒంటికి తగలకుండా.

సూపరింటెండెంటు గారి గదిలో బల్బు వెలిగింది. తర్వాత ఫ్యాను తిరిగింది. కాసేపటికి ఏసీ కూడా మూలిగింది.

"నూటపన్నెండు!" అని అరుస్తూ వచ్చాడు అనిరుధ్, చేతిలో మీటరుతో.

"నూటపన్నెండు డిగ్రీల్లో మనిషి బతకదు కదండీ?" అంది ఎస్తేరు సిస్టరు అమాయకంగా.

సూపరింటెండెంటు గారు గంభీరంగా తల ఆడించారు. "అది వైద్యశాస్త్రం అభిప్రాయం సిస్టర్. విద్యుత్ శాస్త్రం దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు."

ఎదురుగా నూటపన్నెండు డిగ్రీల మనిషి మంచం మీద కూర్చుని పెసరట్టులో అల్లం పచ్చడి నంజుకుని తింటోంది. దాన్నెవరూ చూడలేదు. అందరూ మీటరు చూస్తున్నారు.

మలేరియా వార్డు గండం తప్పింది. మాత్రలు పనిచేశాయి. ఇప్పుడవి పెసరట్టు మడతలో వస్తున్నాయి లెండి. ఆవిడ రోజురోజుకీ తేరుకుంది. నన్ను తిట్టడం కూడా మొదలుపెట్టింది. ఇక ఇంటికి పంపించమని అడిగితే కొత్త చిక్కు వచ్చిపడింది.

"జాతి సంపదను డిశ్చార్జి చేసే అధికారం నాకు లేదమ్మా," అన్నారు సూపరింటెండెంటు గారు. "ఆపరేషన్ థియేటర్ లైను కూడా మీకే కలిపాం."

అప్పటి నుంచి ఆవిడ బాత్రూముకి లేవాలన్నా ముందుగా మైకులో విద్యుత్ అంతరాయం ప్రకటించేవారు. ఊళ్ళో జనం వరసగా వచ్చి ఆవిడకి దణ్ణం పెట్టి పోయేవారు. ఒకావిడ కొబ్బరికాయ కూడా కొట్టింది.

"ఏవండీ," అంది మంగతాయారు పళ్ళు నూరుతూ, "జ్వరంతో చస్తాననుకున్నాను. ఇప్పుడు ఆరోగ్యంతో చచ్చేలా ఉన్నాను. శుక్రవారం నేను ఇంటికొచ్చేస్తున్నాను. ఎవడడ్డం వస్తాడో చూస్తాను."

శుక్రవారం వచ్చింది. బయట శామియానా కింద బ్యాండు మోగింది. మంత్రిగారు వార్డులోకి అడుగుపెట్టేసరికి మంగతాయారు మంచం మీద లేదు. పసుపు చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని జనంలో నా పక్కన నిలబడి ఉంది. మంచం మీద దుప్పటి కింద తలగడ ఒకటి, ఉప్పు మూటలు నాలుగూ పడుకుని ఉన్నాయి. పైన బల్బు మిరుమిట్లు గొలుపుతోంది. ఆ ఒక్క రోజుకీ బల్బుని వార్డులోకి తెచ్చి పెట్టారు.

మంత్రిగారు వంగి దుప్పటిని పలకరించారు. "ఏమ్మా, ఎలా ఉంది? బాగా చూసుకుంటున్నారా?"

ఆయన ఇంకాస్త వంగి చెవి పెట్టారు.

"నీరసంగా ఉన్నట్టుందే," అని ఆయనే చెయ్యి చాచి దుప్పటి తీశారు.

మూటలు కనబడ్డాయి. మన పని అయిపోయింది, ఇక జైలే అనుకున్నాను.

"పేషెంటు ఏదయ్యా?"

"నేనేనండి!" అంది మంగతాయారు వెనక నుంచి. "నాకు జ్వరం తగ్గి చాలా రోజులైంది. ఇంటికి పోతానంటే ఒప్పుకోవట్లేదు. అది ఉప్పు బాబూ, వేయించిన ఉప్పు!"

"మరి బల్బు వెలుగుతోందే?"

అందరూ బల్బు వంక చూశారు. నిజమే, వెలుగుతోంది. భాష్యం గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. అంతలోపే ఆయనకి తోచింది.

"ఇది రెండో దశ సార్. మీ చేతుల మీదుగా ప్రకటిద్దామని దాచి ఉంచాం. రోగిరహిత జ్వరం."

మంత్రిగారు ఆలోచించారు. "అంటే రోగుల్లేకుండా ఆస్పత్రి నడుస్తుందా?"

"చాలా ప్రశాంతంగా నడుస్తుంది సార్," అన్నారు సూపరింటెండెంటు గారు. ఆ మాట మాత్రం మనసులోంచి వచ్చింది.

"మందులు?"

"అక్కర్లేదు."

"ఫిర్యాదులు?"

"ఉప్పు ఫిర్యాదు చేయదు సార్."

"బాగుందే! ఇంతకీ ఆ ఉప్పు వేయించడానికి కరెంటెక్కడిది?"

"ఈ దుప్పట్ల నుంచే సార్," అన్నాడు అనిరుధ్ నవ్వుతూ. "ప్రస్తుతానికి మాత్రం ఊరి లైనులోంచి తీసుకుంటున్నాం."

మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ఆ వెనక అందరూ కొట్టారు. ఆ సాయంత్రమే వార్డులన్నీ ఖాళీ చేయించారు. కాలు విరిగినాయన కూడా కర్ర పట్టుకుని, "నాకెప్పుడో కట్టు కడతామన్నారు కదండీ," అంటూ బయటికొచ్చాడు. మంగతాయారు ఆటో దిగగానే ఆవిడ తల చుట్టూ మూడుసార్లు ఉప్పు తిప్పి దిష్టి తీశాను. ఆ రోజు ఉప్పుని దేవుడనుకున్నాను.

ఎండలు ముదిరాయి. మా ఊళ్ళో కరెంటు పొద్దున్నే పోయి ఎప్పుడో వచ్చేది. ఉప్పు వేయించడానికి సరిపోవడం లేదట పాపం. ఆస్పత్రిలో ఒక్కో మంచం మీద ఒక్కో పెద్ద మూట, కాళ్ళ దగ్గర చార్టు. ఎస్తేరు సిస్టరుకి ఇప్పుడు పొయ్యి దగ్గర డ్యూటీ. గంటగంటకీ మూటలకి థర్మామీటరు పెట్టి రాయాలి. "నాడి కూడా చూడమంటున్నారండి," అంది ఓసారి బజార్లో కనబడి. నవ్వుతుందనుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

రోహిణి కార్తెలో సూరయ్యకి జ్వరం వచ్చింది. ఈసారి నిజం జ్వరం. వాళ్ళ ఇల్లు ఆస్పత్రి గేటుకి ఎదురుగానే. నూకాలమ్మ ఆయన్ని మోసుకొచ్చినంత పనిచేసి గేటు దగ్గర సిమెంటు చపటా మీద పడుకోబెట్టింది. మంచాలు ఖాళీ లేవన్నాడు గేటుమనిషి. కొంగు తడిపి నుదుటి మీద వేయబోతే గోడమీది రాత చూపించి అదీ ఆపాడు.

సూపరింటెండెంటు గారు కారులో వెళ్తూ ఆగారు.

"ఓ మూట దింపి ఈణ్ణి పడుకోబెట్టండి బాబా, మీ కాళ్ళకి దణ్ణవెడతాను," అంది నూకాలమ్మ.

"ఏ మూటని దింపమంటారమ్మా? అన్నీ క్రిటికల్ కండిషన్లో ఉన్నాయి," అన్నారాయన. అనిరుధ్ వచ్చి మీటరు పెట్టి చూశాడు. "నూటమూడే. ఉప్పుతో పోటీకి నిలబడరు," అని విచారించాడు.

ఎస్తేరు సిస్టరు పొయ్యి ఆర్పి వచ్చేసరికి సూరయ్య ఆ చపటా మీదే పోయాడు.

మంగతాయారు ఆ సంగతి విని గుమ్మంలో కూలబడిపోయింది. "నా మూటే కదండీ ఆ ముసలాయన మంచం మీద పడుకుంది," అంది.

ఈలోగా మా ఆస్పత్రికి పెద్ద అవార్డు ప్రకటించారు. ఏడాదిలో జ్వరంతో ఒక్క మరణమైనా లేని ఆస్పత్రి అట. నిజమే. గేటు బయట జరిగింది లెక్కలోకి రాదు. అవార్డు సభ ఆస్పత్రి ఆవరణలో, మిట్టమధ్యాహ్నం. సరిగ్గా అదే రోజు, ఎదురింట్లో సూరయ్య పెద్దకర్మ. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో నా దగ్గర మిగిలింది ఒకే ఒక్క శామియానా. దాన్ని సభకిస్తానని ఎప్పుడో మాటిచ్చాను.

"నూకాలమ్మ గారింటికి వేయించండి," అంది మంగతాయారు.

"మాటిచ్చేశానే!"

"మాటే కదా ఇచ్చారు. చేతులు పట్టుకుని ఫోటో దిగలేదు కదా."

సూపరింటెండెంటు గారు మండిపడ్డారు. "ఏమయ్యా అబ్బులూ, శామియానా ఇవ్వనంటున్నావట?"

"నిరాకరించడం లేదండి," అన్నాను వినయంగా. "వాయిదా వేస్తున్నాను. కుర్చీలు మాత్రం పంపిస్తాను. ఎండ కూడా వనరే కదండీ."

సభ ఎండలోనే జరిగింది. జనం గోడల నీడకి పోయారు. వేదిక మీద ముగ్గురు మాత్రం కదల్లేదు. ఒకరు మాట్లాడితే రెండోవారు మాట్లాడాలి, రెండోవారిని మించి మూడోవారు మాట్లాడాలి. అవార్డు తీసుకున్నాక ముగ్గురూ దాన్ని కలిసి పట్టుకున్నారు. ఎవరు ముందు వదలాలో తెలియక అలాగే నిలబడిపోయారు. అందరికంటే ముందు వదిలింది సూపరింటెండెంటు గారు, తూలిపడుతూ. ఆయన మీద భాష్యం గారు పడ్డారు. అనిరుధ్ టై విప్పుకుంటూ ఒక కుర్చీలో చతికిలబడ్డాడు. మా కుర్చీలు ఇనపవి, ఎండకి కాలి ఉన్నాయి. వెంటనే లేచి, పక్కనే నేలమీద పడ్డాడు.

నలుగురూ కలిసి ముగ్గురినీ వార్డు దగ్గరికి మోసుకెళ్ళారు. తలుపు దగ్గర మనిషి అడ్డంగా నిలబడ్డాడు.

"మంచాలు ఖాళీ లేవండి."

"ఒరే, సూపరింటెండెంటు గారురా!"

"ఆయ్, తెలుసండి. ఆర్డరు ఆయనదేనండి. మూటలు కదిపితే నా ఉద్యోగం తీసేస్తానని ఆయనే అన్నారండి."

చేసేదేమీ లేక గేటు బయట చపటా మీద పడుకోబెట్టారు. ఎస్తేరు సిస్టరు పరుగెత్తుకొచ్చి థర్మామీటరు పెట్టింది. నూటమూడు పైన చూపించింది. శామియానా కింద భోజనాలు వడ్డిస్తున్న మంగతాయారు బకెట్టుతో నీళ్ళు, పాత గుడ్డ పట్టుకుని రోడ్డు దాటింది. గుడ్డ ముంచింది, పిండింది. అక్కడితో ఆవిడ చెయ్యి ఆగిపోయింది. ఆ చపటాని చూస్తూ నిలబడిపోయింది.

నూకాలమ్మ లేచింది. కర్మ రోజున గడప దాటకూడదని ఎవరో అన్నారు. వినిపించుకోలేదు. వచ్చి మా ఆవిడ చేతిలో గుడ్డ తీసుకుంది.

"ఇక్కడ తడిగుడ్డలు వేయకూడదండీ," అన్నాడు గేటుమనిషి గోడమీది రాత చూపిస్తూ.

"నా మొగుడికి ఏయనియ్యలేదు. అప్పుడు ఊరుకున్నాను," అంది నూకాలమ్మ. గుడ్డ పరిచి సూపరింటెండెంటు గారి నుదుటి మీద వేసింది.

ఆయన కళ్ళు తెరవలేదు. ఎవరు వేశారో చూడలేదు. ఎండిన పెదాలు కదిపి, "చల్లగా ఉంది," అన్నారు. గుడ్డ వేడెక్కాక, "ఇంకోసారి తడపండమ్మా," అన్నారు.